కంట్రోలరు గారి వాచీ

గవర్నరుపేటలో లాడ్జి మెట్ల కింద
మూడడుగుల వెడల్పు, నా కొట్టు.
ఏసుపాదం గారు వాచీ విప్పి అద్దం మీద పెట్టారు.
"మళ్ళీ ఆగింది సుభానీ. ఇది మూడోసారి."

పాత హెచ్చెమ్టీ ఆటోమేటిక్.
చెమటకి వెనక మూత అంచు పచ్చబడింది.
కంటికి భూతద్దం బిగించి మూత తిప్పాను.
సగం కొరికిన అప్పచ్చిలా ఒక బరువు,
వాచీని కాస్త వంచితే చాలు
పల్లం వెతుక్కుంటూ సర్రున జారింది.

చెయ్యి ఊగితే అది తిరుగుతుంది.
ఎడమకి తిరిగినా కుడికి తిరిగినా
కింద నక్కిన రెండు బుల్లి చక్రాలు
దాన్ని ఒకే వైపుకి మళ్ళిస్తాయి,
అప్ ట్రిప్పు డబ్బులూ డౌన్ ట్రిప్పు డబ్బులూ
ఒకే తోలుసంచీలో పడ్డట్టు.
ఇక్కడ సంచీ అంటే స్ప్రింగు.
డబ్బీలో చాపలా చుట్టుకుని ఉంటుంది.
నిండాక ఇంకా తిప్పితే తెగిపోదు,
కొస గోడని వదిలేసి మెల్లగా జారుతుంది.
"ఆ మర్యాద మనుషులకీ ఉంటేనా" అనేవాడు అబ్బా,
అప్పులోళ్ళు వచ్చిపోయిన సాయంత్రాలు.

స్ప్రింగుకి మాత్రం
ఒక్కసారే విచ్చుకుపోవాలని ఆత్రం.
దాని ముందు ఒక చిన్న కొక్కెం కాపలా.
బ్యారేజీ మీద లస్కరు గేటెత్తి దించినట్టు
ఒక పన్ను వదులు, పట్టు,
ఇంకో పన్ను వదులు, పట్టు.
సెకనుకి ఆరుసార్లు.
ఆ చప్పుడునే మనం టైం అంటున్నాం.

అన్నీ బాగానే ఉన్నాయి.
సూదిమొనతో పెట్టిన నూనెచుక్క కూడా ఆరలేదు.
నా చేతికి కట్టుకుని మూడురోజులు తిరిగాను.
బీసెంటు రోడ్డు టీకొట్టు దాకా, వన్ టౌన్ దాకా, నమాజుకి.
అరనిమిషం తేడా లేదు.
ఆయన చేతికెళ్ళిన రెండో తెల్లారికి ఆగింది.

"ఇప్పుడేం డ్యూటీ అండీ?"
"కంట్రోలరునయ్యా. ఆర్నెల్లయింది.
అద్దాలగది, ఫ్యాను, కుర్చీ."
ఇరవయ్యారేళ్ళు రాడ్డుకి వేలాడిన ఎడమచెయ్యి
ఇప్పుడు
రిజిస్టరులో కాగితం ఎగరకుండా అదిమి పడుతోంది.

రోగం వాచీది కాదని ఎలా చెప్పను?
"పొద్దున్నే కీ తిప్పుకోండి, ముప్పై చుట్లు" అన్నాను.
"కీ ఇచ్చుకునేదైతే ఇదెందుకు కొన్నానయ్యా" అని
వాచీ జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.
డబ్బులు నేనడగలేదు, ఆయనివ్వలేదు.

నెల తర్వాత అటే పోతూ చెయ్యెత్తి చూపించారు.
ఆడుతోంది!
దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.
"ఆటోనగర్ బండిలో కొత్త కండక్టరు పిల్ల, ఝాన్సీ.
పొద్దున ఆమెకిస్తా, డ్యూటీ దిగి నాకిచ్చేస్తుంది.
దాని చెయ్యి ఒక్క నిమిషం ఆగదు సుభానీ,
గుంటలూ, చిల్లర గొడవలూ, బెంజి సర్కిల్ బ్రేకులూ.
ఒక్కరోజు తిరిగితే నాకు రాత్రంతా ఆడుతుంది."

నవ్వాను. ఆయన నవ్వలేదు.
టైం చూసుకుని గబగబా బస్టాండువైపు నడిచారు.

సాయంత్రం ఏడయ్యాక
ఆ పిల్ల చెయ్యి నింపిచ్చిన వాచీలోనే చూసి
రిజిస్టరులో రాస్తారట:
ఆటోనగర్ బండి, ఐదు నిమిషాలు లేటు.