మసి అంటని చార

రాత్రి పదకొండు.
కొండారెడ్డి బురుజు వెనక సందులో
పెట్రోమాక్సులు పోయి బల్బులొచ్చినాయి గానీ
పెనం పాతదే.
మస్తాన్‌బీ చీపురుపుల్లలతో నీళ్లు చిలకరిస్తే
సుయ్‌మంటాది.
సందంతా ఒక్క గడియ మాట మర్చిపోతాది.

"ఎర్రకారం దండిగా పూయి పెద్దమ్మా."
"తింటావా, ఏడుస్తావా?"
రెండూ చేసినాను.

ముక్కు తుడుచుకుంటా తలెత్తితే
పొగకు నల్లబడిన గోడ,
మనిషెత్తుకు పైన జానెడు మేర మసి లేదు,
మట్టిరంగు చార ఒకటి.
అడిగితే గరిటె పైకెత్తి చూపించింది.
"తుంగభద్ర ఆడిదాకా వచ్చింది నాయనా.
నెలకోసారి స్టూలెక్కి తుడుస్తా.
కనపడకపోతే
రాలేదనుకోని మళ్లా వస్తాదేమోనని."

వెనక ఎవడో అరిచినాడు,
"నాది గుడ్డు దోశె, ఉల్లిగడ్డ వద్దు!"

గరిటె దిగింది.
పిండి
సుడి తిరుగుతా
పెనం అంచుదాకా పోయి
ఆగింది.