చివరి కొట్టు సరుకు

హోస్కోటె గోదాము, తెల్లారి నాలుగు.
చివరి కొట్టు సరుకు ముందెక్కాలి,
మొదటి కొట్టుది తలుపు దగ్గర.
బండి నింపడమంటే
రోజును వెనకనుంచి చదవడమే
అంటాడు మునిరత్నం.

కొత్త రూటు గీసింది నేనే.
పద్దెనిమిది కిలోమీటర్లు మిగిలాయి,
మీటింగులో చప్పట్లు కూడా.

విజినాపురలో ఏడుంబావుకి ఆగాం.
షట్టరు దించి ఉంది.
"ట్యాంకరొచ్చే రోజు సార్,
హసీనమ్మ బిందెల దగ్గరుంటది.
ఎనిమిదిన్నర దాకా రాదు."
నా తెరమీద మాత్రం ఆ కొట్టు
పచ్చగా వెలుగుతూనే ఉంది.

వారం వారం తిరిగొచ్చిన రెండు సబ్బుపెట్టెలు,
గిరాకీ లేదని నేను కోసేసినవి,
ఇక్కడివే.

పావుగంట చూశాం.
ఆలోపు అతను బిస్కెట్ల తేదీలు వెతికి
పాతవి ముందుకి, కొత్తవి వెనక్కి సర్దాడు,
డబ్బా అడుగున పాత బియ్యం
పురుగు పట్టనివ్వని చేతుల్లా.
టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఇరుక్కున్నాక
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

సాయంత్రం ఆఫీసులో
హసీనమ్మను పదకొండో నంబరుకి జరిపాను.
నాలుగు కిలోమీటర్లు పెరిగాయి.
కారణం చెప్పమంది యంత్రం.
నీళ్లు, అని కొట్టాను.
అంకెలే తీసుకుంటానంది.

ఎనిమిదిన్నర, అన్నాను.