జుమ్మంటది

వానొస్తే మా గల్లీ స్తంభం జుమ్మంటది.
ఎండకాలం ఏమనదు. అప్పుడు దానికి
టూలెట్ కాయితాలు, హాస్టల్ కాయితాలు అతికిచ్చి పోతరు,
మంచి స్తంభమే అనిపిస్తది.

వారాసిగూడల నాది ఇస్త్రీ బండి.
పదకొండేండ్ల సంది బొగ్గులతోని బతుకుతున్న,
ఏది కాలుతదో, ఏది కాలదో నా ఏళ్ళకు తెలుసు.
ఆ దినం తడి చెయ్యి ఆనింది, అంతే.
మోచేతి దాంక చీమలు పారినయి.

లైన్‌మెన్ బాల్‌నర్సయ్య టెస్టర్ పెట్టి చూసిండు.
లైటు ఎలిగింది. ఆయిన మొఖం ఆరింది.
"నేను చూసిన్నని చెప్పకు అక్కా,
ఆఫీసుల రాసియ్యి."

రాసిచ్చిన.
కిటికీ కాడి పిల్లగాడు స్తంభం నంబరు అడిగిండు.
నంబరు మీద హాస్టలోళ్ళ కాయితం ఉందంటే
చింపి చూసి రమ్మన్నడు.
వానల. ఆ స్తంభాన్ని.

చెక్క గరిటెతోని గీకి నంబరు దెచ్చిన.
ఇది మా సెక్షన్ గాదు, రోడ్డుకు అటుపక్కోళ్ళదన్నరు.
అటుపక్కోళ్ళు ఇటుపక్కదన్నరు.
రోడ్డు నడుమ నిలబడి చూస్తే
రెండు దిక్కులున్నయి నాకు,
ఒక్క దిక్కు లేదు.

ఏఈ సారు తలెత్తకుండనే అన్నడు:
"షాక్ కొడితే ఇక్కడిదాంక ఎట్ల నడిచొచ్చినవమ్మా?"
గదిల నలుగురు నవ్విన్రు.
నేను గూడ నవ్విన.
అది యాదికొస్తే ఇప్పటికీ సిగ్గైతది.

రెండు దినాలకు ఫోన్ల మెసేజ్ వచ్చింది.
పక్కింటి అఫ్రీన్ చదివి చెప్పింది:
మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. ధన్యవాదములు.
ఆ రాత్రే వాన. తెల్లారి చూస్తే
స్తంభం మొదట్ల గల్లీ కుక్క, నాలుగు కాళ్ళు బిగుసుకొని.
మున్సిపాలిటీ బండి వచ్చి తీస్కపోయింది.
దానికి ఏ నంబరూ అడగలే.

ఒక సంగతి చెప్పలే ఇంకా.
ఏఈ సారు చొక్కాలు నా బండికే వస్తయి,
శుక్రారం శుక్రారం, ఐదు తెల్లవి.
మూడో గుండీకి దారం వేరే రంగు,
ఎవరో తొందరల కుట్టిన్రు, ప్రేమతోనే కుట్టిన్రు.
ఇస్త్రీ పెట్టె ఒక్క నిమిషం అట్లనే ఉంచితే చాలనుకున్న.
ఉంచలే. బట్ట చేసిన తప్పేంది?
అఫ్రీన్‌తోని కాయితం రాయిచ్చిన:
స్తంభం నంబరు, కుక్క సంగతి,
బడి పిల్లలు ఆ స్తంభం పట్టుకొనే మూల మలుగుతరని.
జేబుల పెట్టి మీదికెళ్ళి పెట్టె నడిపిన.
మడత కత్తి లెక్క కూసుంది.

మళ్ళ శుక్రారం చొక్కా వచ్చింది.
జేబుల కాయితం నాని నాని అన్నం ముద్దయింది.
సిరా గుండె కాడ అంటుకుంది,
కమిలినట్టు, నీలిగ.
ఇంటామె అడిగి రమ్మని పంపింది, మరక పోతదా అని.

పోదని చెప్పిన.

సీతాఫల్‌మండి దిక్కుకెళ్ళి మబ్బు దిగుతుంది.
స్తంభానికి అందినంత ఎత్తు సైకిల్ ట్యూబులు చుట్టిన,
బండిని అడ్డం జరిపిన,
పొడి కట్టె ఒళ్ళె పెట్టుకొని కూసున్న.
బడి ఇడిచే యాళ్ళయింది.

"అటుకెళ్ళి పోన్రి బిడ్డా, అటుకెళ్ళి."

ఎందుకని అడుగుతున్రు పిల్లలు.
ఇన్ని ఆఫీసులు తిరిగిన,
ఆ మాట అడిగినోళ్ళు మొదలు వీళ్ళే.