ణ ఊడిపోయిన బోర్డు

తిరుపతి బస్టాండులో నా కిటికీ మీద
'విచారణ' అని ఉండేది.
పోయిన వానాకాలం ఆఖరి అక్షరం ఊడి కిందపడింది.
చెప్పినా, రాసిచ్చినా, ఎవరూ తగిలించలేదు.
ఇప్పుడు 'విచార' కాడ ఆగిపోయింది మాట.
జనం అది చదువుకునే వస్తావుండారేమో
అనిపిస్తుంది ఒక్కోసారి.

గాజుపలకకి తొమ్మిది బెజ్జాలు.
చేరిన మొదటి వారం
ఎవరేమడిగినా కత్తిరించి చేతిలో పెట్టేదాన్ని.
"కుప్పం బస్సు?" "పోయింది."
"పీలేరు?" "రాలేదు."
"మదనపల్లెకి యాడ నిలబడాల?" "రాసుంది, చూడు."
ఒక్కటీ అబద్ధం కాదు.
సాయంత్రానికి నలుగురితో తగువు.

చెంగల్రాయులన్న, అప్పటికి రిటైరవడానికి ఎనిమిది నెలలుంది ఆయనకి,
టీ గ్లాసు అంచు తువ్వాలుతో తుడుచుకుంటా అన్నాడు:
"పోయింది అనేది సగం జవాబు మే.
ఇంగోటి ఎప్పుడుందో చెప్తేనే
ఆ మనిషి కాళ్ళు కదిలేది."

ఇంకోనాడు, తలెత్తకుండా చార్టు గీసుకుంటా:
"గొంతు లేచినోడి ముందర నువ్వు గొంతు దించు.
వినపడాలంటే వాడూ దించాల్సిందే."
నమ్మలేదు.
నగరి మనిషొకడు, నెత్తిన పెండ్లి సామాను మూట,
నా బిళ్ళ మీద పేరు చదివి మరీ తిట్టినప్పుడు
చేసి చూసినా.
మూట దించి, వంగి, బెజ్జాలకి చెవి ఆనించి
"ఏమంటివమ్మా?" అన్నాడు.

తమిళంలో అడిగితే ఊరిపేరొక్కటి పట్టుకుంటా.
కన్నడంలో అడిగితే వేళ్ళు చూపిస్తా.
అప్పుడే గుండు చేయించుకున్న పిల్లోడు
నా గాజుపలకలో తన్ని తాను చూసుకొని ఏడిస్తే
వాళ్ళమ్మకి సత్యవేడు బస్సు చెప్పకముందు
"ఎంత గుండ్రంగా ఉందిరా నీ తలకాయ" అంటా.
అది రూల్సులో లేదు.

ఒకాయన మాత్రం ఏ పాఠానికీ అందలేదు.
"పలమనేరు బస్సు ఎన్నింటికి?"
ఒక్క మధ్యాహ్నంలో నాలుగుసార్లు.
నాలుగుసార్లూ అదే టైము చెప్పినా.
అయిదోసారి విసుగు నాలిక చివరిదాకా వచ్చి
ఆయన చంకలో ఎక్స్‌రే కవరు చూసి ఆగింది.
"ఎవరికి బాగలేదు?" అన్నా.
ఆయన చెప్పినాడు. చానాసేపు చెప్పినాడు.
వెనక క్యూలో ఏడుగురు.
ఒక్కరూ గొణగలేదంటే అబద్ధం. బాగానే గొణిగినారు.
పలమనేరు బస్సు సంగతి ఆయన మళ్ళీ అడగలేదు.

ఇంత నేర్చినదాన్ని
రాత్రి తొమ్మిదిన్నరకి కొర్లగుంటలో ఇంటికొచ్చి
చెప్పులిప్పుతానే మూగదాన్నయిపోతా.
మాటలన్నీ పగలే తలా ఒక బస్సెక్కి పోయుంటాయి.

యామిని, ఏడో తరగతి, కొంగు పట్టుకున్నట్టే వెనకాల తిరుగుతుంది.
"డ్రాయింగ్ పోటీకి నన్ను తీసుకున్నారా అని అడుగు."
"తీసుకున్నారా?"
"లేదు."
"ఊ."
చారులో పోపు వేసినా. చిటపటలాడింది.
అది కాసేపు నిలబడింది.
ఆనెక నా ముఖానికి జానెడు దూరంలో
ఒట్టి గాలి మీద వేలి కణుపుతో కొట్టింది,
టక్, టక్, టక్,
అద్దం మీద కొట్టినట్టు.
"ఉండావా లోపల?"

పొయ్యి కట్టేసినా.
సగం జవాబుల సంగతి చెప్పిన మనిషి
ఇప్పుడు చంద్రగిరి అవతల చెరకుతోటలో
మోటారుతో మాట్లాడుకుంటావుండాడంట.
ఆయన్ని అడిగే వీలు లేదు.
గచ్చు మీద కూలబడినా, దాని మోకాళ్ళ కాడికి.
ఇంకో పోటీ ఎప్పుడో నాకు తెలీదు.
తెలీనిది చెప్పలేదు.
"ఏం గీసినావు?" అన్నా.

"బస్సు."

"యాడికి పోయేది?"

గోడకానుకొని కూర్చునింది పక్కన.
కాళ్ళు చాపింది. నా కాళ్ళ కంటే కొంచెమే పొట్టి,
ఎప్పుడు పెరిగినాయో.

"ఇంగా బోర్డు రాయలేదు" అనింది.