వెనక్కి జరగడానికి చోటు

రాత్రి మంచం మీద రెండింటినీ పక్కపక్కన పడుకోబెట్టాను.
ఒకటి డీఎస్‌ఎల్‌ఆర్, ఇంకా పదకొండు వాయిదాలున్నది,
ముందు పొడుగాటి లెన్సు,
సంచీలో పెడితే పనసకాయ మోసుకెళ్తున్నట్టుంటుంది.
రెండోది జేబులో పట్టేది.
కాకినాడలో సెకండ్‌హ్యాండ్‌కి కొన్నాను,
బ్యాటరీ మూత వదులై రబ్బరుబ్యాండుతో బతుకుతోంది.

పెద్దదాన్ని చూడగానే మనుషులు సర్దుకుంటారు.
ముమ్మిడివరం కల్యాణమండపంలో
పెళ్ళికొడుకు బాబాయి మీసం దువ్వుకుంటాడు,
ఆడపడుచులు హారం బయటికి లాక్కుంటారు.
నా అన్నం అది.
చిన్నదాన్ని చూసి ఎవరూ ఊపిరి బిగించరు.
"ఇదేంటండి, సబ్బుపెట్టా?" అంటారు.

కానీ ఉల్లంకి పిట్ట కంటిచుట్టూ ఉండే పసుపు గీత
సబ్బుపెట్టెకి అందదు.
ఆ గీత కోసమే కదా
ఆదివారం పూట మూడున్నరకి అలారం.

పెద్దదే తీసుకున్నాను.
చిన్నది ఎందుకో చొక్కా జేబులో పడింది,
స్కూటర్ తాళంతో పాటు.

బలుసుతిప్ప రేవులో వీర్రాఘవులు
నా భుజం మీదికి టార్చి వేశాడు.
"ఆయ్, దానికీ ఓ చెక్క వెయ్యమంటారా?
కూకుంటదా, నుంచుంటదా అండి?"

పడవ మడలోకి దూరింది.
ఏసీ గదిలో పడుకున్న లెన్సుకి
ఉప్పుగాలి తగలగానే చెమట్లు పోశాయి.
తుడిస్తే పట్టింది, పడితే తుడిచాను.
ఈలోగా తూర్పు ఎర్రబడి, పసుపై,
మామూలు వెలుగైపోయింది.

తర్వాత పాటు లాగేసింది.
మలుపులో పడవ అడుగు బురదకి ఆనింది.
"దిగాలండి" అన్నాడు.
మోకాలి లోతు రొంపిలో
కెమెరాని నెత్తిమీద ఎత్తుకుని
బుట్ట మోసే వసుదేవుడిలా నేను,
గాడిద చాకిరీ ఆయనది.

అప్పుడే ఎదర గట్టున మడవేళ్ళ సందులోంచి
మూడు నీటికుక్కలు, తల్లీ రెండు పిల్లలూ,
మావంక చూశాయి.
వీళ్ళు దేనికీ పనికొచ్చేవాళ్ళు కాదని తేల్చుకుని
తీరిగ్గా నీళ్ళలోకి జారాయి.
లెన్సుకి మూత ఉంది.
మూత మీద నా బొటనవేలు ఉంది.
ఏం చేస్తాం, చూశాను.
ఉత్తినే చూసి ఎన్నాళ్ళయిందో.

పోటు ఎక్కేదాకా కూర్చున్నాం.
చద్దన్నం, వేయించిన మెత్తళ్ళు ఆయనవి,
బిస్కట్లు నావి.
చెయ్యి కడుక్కుంటూ అడిగాడు:
"వేట కార్డుకి ఫొటో కావాలంటున్నారండి.
పాతది ఏట్లో పోయింది."

ఇదెంత పని! పెద్దదాన్ని ఎత్తాను.
మూరెడు దూరంలో ముఖం.
గిర్రుమంటుంది, తడుముకుంటుంది, ఆగదు.
అరమైలు అవతల కొంగ మెడలో
ఈకలు లెక్కపెట్టగలదు గానీ
ఎదుట కూర్చున్న మనిషి దానికి ఆనడు.
వెనక్కి జరగాలి.
ఇంకాస్త.
పడవలో వెనక్కి జరగడానికి చోటెక్కడిది?
"పడిపోతారండీ!"

జేబులోంచి సబ్బుపెట్టె తీశాను.
తెల్లగుడ్డ కావాలంటే
తన తువ్వాలే విప్పి, రెండు చేతులా
తల వెనకాల తనే పట్టుకున్నాడు.
చేతులు అలా ఎత్తి ఉన్నందుకో ఏమో
నవ్వొచ్చింది ఆయనకి. నొక్కాను.

వచ్చే ఆదివారం ఏది తీసుకెళ్తానో తెలీదు.
ఆ పసుపు గీత ఇంకా నాకు దొరకలేదు.
భుజం నొప్పి మాత్రం దొరికింది.

ఎనిమిది కాపీలు కత్తిరించి ఇచ్చాను.
డబ్బులొద్దంటే రెండు పీతలు ఇచ్చాడు,
గోళ్ళు కట్టేసి.

నేను తీసిన పెళ్ళిళ్ళన్నీ
ఎవరెవరి బీరువాల్లోనో పట్టుచీరల కింద పడుకున్నాయి.
ఆ ఒక్క ముఖం, ప్లాస్టిక్ తొడుగులో,
పోటుతో పాటుతో
రోజూ కాలవలోకి వెళ్ళొస్తోంది.
కుడిచెవి పక్కన చిన్న మసక.
అది నా బురదవేలు.