జాడింపు నీళ్లు

ట్యాంకు రేకు మీద వేలి కణుపులతో కొడుతుంది నోరీన్.
పై వరస డొల్లగా మోగుతుంది.
దాని కింది వరసా అంతే.
మోకాళ్ల ఎత్తుకి వంగాక గానీ
ముద్దగా ఒక చప్పుడు రాదు.
"ఇక్కడుంది," అంటుంది
జేబు అడుగున చివరి నోటు తడిమిన మనిషిలా.

స్టాన్‌థోర్ప్‌లో వాన ముఖం చాటేసి పద్నాలుగు నెలలు.
ఊళ్లోకి నీళ్లు లారీల మీద వస్తాయి.
మలుపులో గేరు మారిన చప్పుడు వింటూ నిద్రపోతాం.

వెనక గదిలో అద్దెకు దిగిన మొదటి ఆదివారం
రెండు చొక్కాలు, ఒక తువ్వాలు మిషన్లో పడేసి
మీట నొక్కాను.
టీ కప్పుతోనే వచ్చి నన్ను ఉతికి ఆరేసింది.
వాళ్ల భాషలో ఆ మాట లేదేమో,
పని మాత్రం శుభ్రంగా జరిగింది.

అప్పట్నుంచి అంతా ఆవిడ లెక్కే.
ఒకసారి తొడిగిన చొక్కా మురికిది కాదు, అలిసిందంతే,
రాత్రంతా వరండాలో గాలికి వేలాడితే తేరుకుంటుంది.
మరక పడ్డ చోటే తడపాలి, చెంబెడు చాలు.
నిండితేనే మిషను తిరగాలి, చన్నీళ్లతో,
సబ్బుపొడి అరచెంచా.
నురగ రాలేదని కంగారు పడొద్దు,
నురగ మన తృప్తికే గానీ బట్టకి కాదు.

శనివారం ముందు ఆవిడ దుప్పట్లు.
అవి జాడించిన నీళ్లు గొట్టంలోంచి
పాత పసిపిల్లల తొట్టిలోకి దిగుతాయి.
ఆ తొట్టిలో కాళ్లాడించిన పిల్లాడికి ఇప్పుడు బట్టతల.
ఆ నీళ్లలోనే నా సాక్సులు,
హాస్పిటల్ వంటగది ఏప్రన్లు.
నా నీళ్లు నిమ్మచెట్టుకి, ఆ పూటే.
తెల్లారేదాకా ఉంచితే కంపు కొడతాయి.

మొదటిసారి ఆ తొట్టిలో చెయ్యి పెట్టబోయి
ఒక్క క్షణం ఆగాను.
ఇంకొకరి మైల నీళ్లని కాదు.
ఎప్పుడో వదిలేసిన పని
నా వేళ్లని గుర్తుపట్టిందని.

మా తాత పోలయ్యది చాకిరేవు.
ఊరందరి బట్టల అంచుల మీదా జీడిగింజ గుర్తులు,
అక్షరం రాని ఆయన రాసుకున్న చిట్టా.
తన చొక్కాకి మాత్రం గుర్తుండేది కాదు,
ఉన్నది ఒక్కటే గనక.
బళ్లో నా సంచీ చౌడు వాసనేస్తోందని
బల్ల మీద పక్కకి జరిగేవాళ్లు.
నేనూ జరిగాను, ఇంత దూరం.

ఇక్కడ ఎటు చూసినా బండలే.
ఆపిల్ తోటల మధ్య, పెట్రోలు బంకు వెనక, నోరీన్ పెరట్లో
ఏనుగంతేసి గ్రానైటు బండలు,
ఎవరూ ఒక్క బట్టా కొట్టనివి.

ఓ రోజు నా ఏప్రన్ మీద పసుపు మరక చూసి
దాని మీద ఆశ వదులుకోమంది.
మావాళ్లయితే నీళ్లొదులుకోమనేవాళ్లు,
ఇక్కడ అందుక్కూడా నీళ్లు లేవు.
తడిపి బండ మీద ఎండలో పరిచాను.
సాయంత్రానికి మరక ఎగిరిపోయింది.
ఎవరు నేర్పారని అడిగింది.
నీళ్లు నమిలాను.
ఆ వారం నేను వృథా చేసినవి అవే.

మార్చి చివర, దండెం నిండా దుప్పట్లుండగా
చినుకు పడింది.
బుట్ట పట్టుకుని పరిగెత్తాను.
"ఉంచు! జాడించనీ!" అని అరిచింది వాకిట్లోంచి.
గొడుగులాంటి ఆ గుండ్రటి దండెం
తడి బరువుకి కిర్రుమంటూ తిరిగింది.

నేను గుమ్మంలోని కాలిపట్టా తీసుకుని
బండ దగ్గరికి వెళ్లాను.
మొదటి దెబ్బ సరిగా పడలేదు.
రెండోదానికి నడుం గుర్తు తెచ్చుకుంది.
మూడోదానికి, నేను పిలవకుండానే,
నోట్లోంచి ఉస్సో అని తాత ఊపిరి.

"ఎక్కడ నేర్చుకున్నావ్?"
వాన హోరులో అరిచి చెప్పాను
ఊరు పేరు, రేవు పేరు, ఆయన పేరు.
ఎంత వినబడిందో తెలీదు.
లోపలికెళ్లి ఇంకో కాలిపట్టా తెచ్చింది.

నలభై నిమిషాల వాన.
పొద్దున్నే ట్యాంకు కొట్టి చూశాం.
చప్పుడు మారే చోటు
బెత్తెడు పైకొచ్చింది.