రెండడుగుల ఆరంగుళాలు

నా కుట్టుమిషను పక్కన, గోడ మేకుకి
ఒక ఇనప కడ్డీ వేలాడుతుంటుంది.
బట్ట కొలవడానికే అనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్ళు.
కొలుస్తాను కూడా.
జాకెట్టు ముక్కకి సరిగ్గా రెండు వేళ్ళు తక్కువ.
ఆ రెండు వేళ్ళూ నావి కలుపుకుంటాను.

మా తాత బమ్మిడి తవిటయ్యది ఆ గేజి కడ్డీ.
తెంబూరు నుంచి పాతపట్నం దాకా
పది బారలకోసారి వంగి, పట్టాల మధ్య అడ్డంగా పెట్టి
"సరిపోనాది" అని పైకే అనేవాడట,
వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా.
ముప్పయ్యొక్క ఏళ్ళు
లోకం ఆ వెడల్పునే ఉందో లేదో చూసుకుంటూ నడిచాడు.

దారి ఎలా పుట్టిందో చెప్పమంటే
ఉప్పు దగ్గర మొదలుపెట్టేవాడు.
నౌపడ మడుల్లో ఉప్పు కుప్పలై కూర్చునేది,
కొండ మీద చింతపండు గంపలకెక్కి కూర్చునేది,
మధ్యలో ఎడ్లు, బురద, విరిగిన ఇరుసు.
"కిమిడి కోటకి ఓపిక సచ్చిపోనాది" అనేవాడు నవ్వుతూ.
ముందు కిమిడి దాకా వేశారు.
అక్కడ ముప్పయ్యేళ్ళు కూలబడి ఊపిరి తీసుకుని
అప్పుడు లేచింది గుణుపురానికి,
ఏటి గట్టు పట్టుకుని, పొలాలకు పక్కకి తప్పుకుంటూ.

నేనెక్కింది నాలుగుసార్లో ఐదుసార్లో.
నౌపడలో పెద్ద రైలు దిగినవాళ్ళు
మా పెట్టెల్ని చూసి నవ్వేవారు, ఆ తర్వాత తల వంచి ఎక్కేవారు.
ఎదురు బల్ల మీద మనిషి మోకాళ్ళు
మన మోకాళ్ళకి తగిలేవి.
టెక్కలి దాటేసరికి వాళ్ళ వియ్యంకుడి రోగం తెలిసేది,
పాతపట్నానికి మందూ తెలిసేది.
అక్కణ్ణించి టీ కుర్రాడి కేక ఒరియాలోకి జారేది.
కిమిడిలో రెండు భాషలూ ఒకే గ్లాసులో పోసి ఇచ్చేవాడు.

చలికాలం తెల్లవారుజామున
పట్టాల మీద మంచు కూర్చుంటే
ఇంజను కదలకుండా చక్రాలు తిప్పుకుంటూ రొప్పేది.
తాత తుండుగుడ్డలో ఇసక పట్టుకెళ్ళి
ముగ్గేసినట్టు రెండు పట్టాల మీదా పోసేవాడు.
మహేంద్రతనయ ఇసకే కావాలి.
వంశధార ఇసక మరీ సుకుమారమని, పట్టదని వాదన.
మా నాయనమ్మ పారమ్మది వంశధార పక్క ఊరు.
ఆ మాటకి ఆమె పెద్దప్రాణం పోయేదాకా ఒప్పుకోలేదు.

తర్వాత ఒక జూన్‌లో
బండి వెళ్ళింది, తిరిగి రాలేదు.
పట్టాలు విప్పి లారీల్లో పేర్చుకుపోయారు.
ఏడేళ్ళు ఆ కట్ట మీద పల్లేరు మొలిచింది,
మేకలు నడిచాయి, నేను బడికి నడిచాను.
నిద్రలో ఉన్నట్టుండి లేచి
తాత టైము అడిగేవాడు.
చెప్తే, "ఆలీసం" అని మళ్ళీ పడుకునేవాడు.

వెడల్పు పట్టాలు పడిన రోజు
కడ్డీ చంకన పెట్టుకుని బయల్దేరాడు.
వద్దన్నాం. నేనూ వెంట వెళ్ళాను.
ఒక కొస ఈ పట్టాకి ఆనించాడు.
రెండో కొస
ఎక్కడా ఆనలేదు.
మధ్యలో గాలి, కంకర.
కాసేపు అలాగే వంగి ఉండి
నడుం పట్టేసిందేమో అనుకున్నాను,
"గుంటా, నీ సెయ్యి ఎట్టు" అన్నాడు.
కడ్డీ కొస నుంచి పట్టా దాకా
నా చేయి చాపి పెట్టాను, భుజం దాకా.
ఇంకా మిగిలింది.
తన చేయి కూడా పెట్టాడు.
అప్పుడు, ఎవరితోనో ఒప్పందం కుదిరినట్టు
"సరిపోనాది" అన్నాడు.

ఇప్పుడు గుణుపురం బండి వస్తే
నా కొట్టు గోడలు అదురుతాయి,
గాజుసీసాలో గుండీలు గలగలమంటాయి.
కడ్డీ మేకు మీద కొంచెం ఊగుతుంది.
నౌపడ నుంచి వచ్చే ఉప్పులారీకీ అలాగే ఊగుతుంది.
దానికి తేడా తెలియదు.
సుద్దముక్క ఎక్కడ పెట్టానో వెతుక్కుంటాను,
సీతాపురం ఆమె జాకెట్టు సాయంత్రానికి ఇవ్వాలి.